పబ్బులో వాయించినవి ఆల్బమ్ వేసే ముందు

చి. చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. తొలిరోజుల్లో మీ బ్యాండు పబ్బులో వాయించిన పాటలు ఆల్బమ్‌గా వేద్దామనుకుంటున్నామని, సౌండే మరీ గరగరలాడుతోందని రాశావు. సౌండు గురించి నాకు బెంగ లేదురా.

1962 డిసెంబరు ఆఖర్లో జర్మనీలోని హాంబర్గ్‌లో, స్టార్ క్లబ్బులో ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ వాయించింది ఎలా రికార్డయిందో తెలుసా? స్టేజీ ముందు ఒకే ఒక్క మైకు, ఇళ్ళలో వాడుకునే గ్రుండిగ్ టేప్ రికార్డరు. స్టూడియోలో టేపు సెకనుకు 15 అంగుళాలు పరిగెడితే ఇక్కడ మూడుముప్పావు. గొంతులు బావిలోంచి వస్తున్నట్టుంటాయి. అయినా అందులో ఉన్న దూకుడు వాళ్ళ స్టూడియో రికార్డుల్లో నాకు దొరకలేదు. క్లబ్బు మనిషి హార్స్ట్ ఫాషర్ మధ్యలో మైకందుకుని ఒక పాట పాడేస్తే అదీ ఆల్బమ్‌లో ఉంచేశారు. మీ బార్లో ఎవడో బిర్యానీ కోసం కేకేశాడన్నావే, దాన్ని కత్తిరించకు.

అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీదే పని చెయ్యి. హిస్ (ఆ బుస్సుమనే చప్పుడు) తగ్గించే సాఫ్ట్‌వేర్‌ని ఎక్కువ తిప్పావో, ముందు సింబల్స్ (డ్రమ్ముల దగ్గరి ఇత్తడి పళ్ళేలు) మోత చస్తుంది. ఒకే మైకు కాబట్టి బేస్ గిటార్ ఒక్కటే పెంచడం కుదరదు, డ్రమ్ము మోత కూడా దాంతోపాటే లేస్తుంది. అంతే, ఆ గోల అక్కడితో వదిలెయ్యి.

నా బెంగంతా వాయించినవాళ్ళందరూ ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం గురించి. ఆ హాంబర్గ్ టేపులు టెడ్ టేలర్ అనే తోటి గాయకుడివి. బీరు పోయిస్తే రికార్డు చేసుకోమని బీటిల్స్‌లో ఒకడైన లెనన్ నోటిమాటగా ఒప్పుకున్నాడని ఆయన వాదన. 1977లో ఆల్బమ్ వచ్చింది, ఆపాలని బీటిల్స్ తరఫువాళ్ళు కోర్టుకెళ్ళినా ఆగలేదు. 1998లో మళ్ళీ కేసు. అవునని కాదని చెప్పడానికి లెనన్ బతికి లేడు. బ్యాండులో ఇంకొకడు హారిసన్ బోనెక్కి, తాగినవాడు తాగినవాళ్ళని రికార్డు చేసుకుంటే అదేం ఒప్పందం అన్నట్టు మాట్లాడాడు. ఆఖరికి టేపులు బీటిల్స్‌కే దక్కాయి.

నేను మాత్రం తక్కువ తిన్నానా! తబలా ఆయన్ని అడక్కుండా మా ఆర్కెస్ట్రా కేసెట్ వేయించాను. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు. మన చట్టంలో కూడా వాయించినవాడి హక్కు 50 ఏళ్ళుంటుంది, బ్యాండు వదిలేసి పోయినా సరే. పైగా మీ సెట్‌లో సగం ఇతరుల పాటలేనన్నావు. వాటి మాటల మీద, బాణీ మీద హక్కున్నవాళ్ళ అనుమతి వేరే తీసుకోవాలి. ఆ ఖర్చు చూసుకున్నాకే ఏ పాటలు ఉంచాలో తేల్చు.

మీ పాత బేసిస్టు మాట్లాడటం మానేశాడన్నావుగా. ముందు వాడింటికి వెళ్ళు, ఫోన్ చెయ్యకు. వాడు సంతకం పెట్టాక ఫైళ్ళు నాకు పంపు, సింబల్స్ సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య