ఎక్స్-మెన్ మీద థియరీ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికాలో మార్వెల్ కంపెనీ వేసే ఎక్స్-మెన్ కామిక్స్‌లోని రహస్యాల మీద ఊహలల్లుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఊపు ఉంది, వాక్యం బాగా నడుస్తోంది. కానీ మూడో పేరాలో ‘నైట్‌క్రాలర్ పుట్టుక రహస్యాన్ని మార్వెల్ వాళ్లు నలభై ఏళ్లు దాచిపెట్టి, అదను చూసి బయటపెట్టారు’ అన్నావు చూడు, వ్యాసమంతా అక్కడే జారిపోయింది. దాచిపెట్టాలంటే ముందు ఒక బుర్ర ఉండాలి కదా. అక్కడ పదుల కొద్దీ బుర్రలున్నాయి, పైగా అవి పదేళ్లకోసారి మారిపోతాయి.

జరిగింది ఇది. నైట్‌క్రాలర్ ఎక్స్-మెన్ జట్టులో ఒకడు. మిస్టీక్ అనే ఆమె ఏ రూపమైనా ధరించగలదు కాబట్టి ఆమే అతని తండ్రి, ఆమె సహచరి డెస్టినీ తల్లి అన్నది ఆ పత్రికను చాలా ఏళ్లు రాసిన క్రిస్ క్లేర్‌మాంట్ మనసులో ఉన్న కథ. ఆ రోజుల్లో అది అచ్చులోకి రాలేదు. 1994లో మరో రచయిత మిస్టీక్‌ను తల్లిగా ఖాయం చేశాడు. 2003-04లో చక్ ఆస్టెన్ వచ్చి అజాజెల్ అనే కొత్త పాత్రను తండ్రిని చేశాడు. 2023 నవంబరులో ‘ఎక్స్-మెన్ బ్లూ: ఆరిజిన్స్’లో సై స్పరియర్ పాత ఆలోచనకే కానన్ ముద్ర, అంటే అధికారిక కథ అన్న ముద్ర, వేశాడు. ఇందులో పథకం ఎక్కడుంది? ఒకరు రాయలేకపోయింది ఉంది, దాని మీద వేరేవాళ్లు కట్టింది ఉంది, అది కూల్చకుండానే పక్కకు నెట్టిన చివరి రచయిత ఉన్నాడు. ఇలా రాస్తే నీ వ్యాసం ఇంకా రక్తి కట్టేది.

అందుకే థియరీ మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకో: నువ్వు పట్టుకున్న రహస్యానికి జవాబు ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉందా, లేక ఎవరో ఎప్పుడో తయారు చేయాల్సి ఉందా? కట్టప్ప ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా మనవాళ్లు వేసిన లెక్కలకు ఒక అర్థముంది. ఆ ప్రశ్న వదిలిన సినిమావాళ్ల దగ్గరే జవాబు ఉంది. ఎక్స్-మెన్‌లో అలాంటివి తక్కువ. 2019లో జొనాథన్ హిక్మన్ రాసిన ‘హౌస్ ఆఫ్ ఎక్స్’, ‘పవర్స్ ఆఫ్ ఎక్స్’ ఆ కోవలోవి. రెండూ కలిపి 12 సంచికలు, జూలై 24 నుంచి అక్టోబరు 9 దాకా, ఒకే రచయిత. మోయిరా అనే శాస్త్రవేత్త చనిపోయిన ప్రతిసారీ మళ్లీ పుట్టి తన జీవితాన్ని మొదటినుంచి బతుకుతుందని ‘హౌస్ ఆఫ్ ఎక్స్’ రెండో సంచికలో తెలిసింది. ఆ జీవితాల పట్టిక కూడా అక్కడే ఇచ్చారు. అందులో ఆరో జీవితం ఊసే లేదు. కళ్లున్న పాఠకులు ఆ ఖాళీని వెంటనే పట్టారు. ‘పవర్స్ ఆఫ్ ఎక్స్’లో వెయ్యేళ్ల తర్వాత జరుగుతున్నట్టు చూపిన కథే ఆ ఆరో జీవితమని చివరి సంచికలో బయటపడింది. ఇలాంటి చోట పట్టికల్లో గీతలు, పేజీలో తేదీలు అన్నీ సాక్ష్యమే. ఎంత తవ్వితే అంత దొరుకుతుంది.

రెండో రకం చూడు. ‘ఎక్స్-మెన్’ (1991) 23వ సంచికలో, 1993లో, విలన్ మిస్టర్ సినిస్టర్, జట్టు నాయకుడు సైక్లాప్స్‌తో (అసలు పేరు స్కాట్ సమ్మర్స్) మాట్లాడుతూ ‘నీ సోదరులు’ అని బహువచనం వాడాడు. సైక్లాప్స్‌కు తెలిసిన సోదరుడు ఒక్క హావోక్ మాత్రమే. సినిస్టర్ నోరు జారిందన్నట్టు మాట దాటేశాడు. మూడో సమ్మర్స్ సోదరుడెవరన్న గోల అక్కడ మొదలైంది. గ్యాంబిట్ అన్నవాళ్లున్నారు, ఆడమ్-ఎక్స్ అన్నవాళ్లున్నారు. ఆ సంచిక రాసిన ఫాబియన్ నిసియేజా మనసులో ఉన్నది ఆడమ్-ఎక్సే. కానీ జవాబు చెప్పకుండానే ఆయన ఆ పత్రిక నుంచి వెళ్లిపోయాడు. 2005-06లో ఎడ్ బ్రూబేకర్ ‘డెడ్లీ జెనెసిస్’లో వల్కన్ అనే కొత్తవాణ్ని తెచ్చి, మూడో సోదరుడు ఇతనే అన్నాడు. వల్కన్ పేరు 1993లో ఏ పాఠకుడూ ఊహించలేడు, ఎందుకంటే అప్పటికి ఆ పాత్రే పుట్టలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, 2021లో నిసియేజాకు ‘ఎక్స్-మెన్ లెజెండ్స్’లో చోటు దొరికితే, ఆడమ్-ఎక్స్‌ను సవతి సోదరుడిగా తన కథ తాను చెప్పుకున్నాడు. ఇప్పుడు ‘1993లో సరిగ్గా చెప్పినవాళ్లెవరు’ అని అడిగితే ఎవరి పేరు రాస్తావు?

అంచేత తెరిచి వదిలేసిన రహస్యం మీద రాసేటప్పుడు ‘జవాబు ఇదే’ అని రాయకు. ‘ఇప్పటిదాకా అచ్చయినదానికి ఇది బాగా అతుకుతుంది’ అని రాయి. దానికన్నా ముందు మూడు సంగతులు చూసుకో: ఆ ప్రశ్న లేపిన రచయిత ఇంకా అదే పత్రిక రాస్తున్నాడా, ఎడిటర్ మారాడా, కథ ఎన్ని సంచికలని ప్రకటించారు. 1992లో ఎక్స్-మెన్ జట్టులో ద్రోహి ఎవరన్న ప్రశ్న మొదలైంది. అది మొదలైన కొత్తలోనే ఆ కథలు రాసి గీస్తున్న జిమ్ లీ మార్వెల్ వదిలి ఇమేజ్ అనే కొత్త కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 1996లో ఆన్‌స్లాట్ కథ వచ్చి వేలు జట్టు గురువు ప్రొఫెసర్ ఎక్స్ వైపు తిరిగేసరికి మొదటి క్లూలన్నీ అనాథలైపోయాయి. ఈమధ్యే చూడు, 2019లో హిక్మన్ మొదలుపెట్టిన క్రాకోవా కథ 2024 జూన్‌లో ముగిసింది, జూలై నుంచి టామ్ బ్రెవూర్ట్ ఎడిటింగ్‌లో కొత్త జట్టు దిగింది. క్రాకోవా రోజుల్లో సగంలో ఆగిన క్లూ మీద ఇప్పుడు థియరీ కడితే, ఆ క్లూని కొత్తవాళ్లెవరైనా ముట్టుకున్నారా లేదా అన్నది మొదటి పేరాలోనే చెప్పాలి.

అభిమాని ఊహ కానన్ అయిన సందర్భం నీకు తెలిసే ఉంటుంది, కానీ అది ఎందుకు నెగ్గిందో విడదీసి చూడు. 1980లో ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 137వ సంచికలో, ఫీనిక్స్ అనే మహాశక్తిగా మారిన జట్టు సభ్యురాలు, సైక్లాప్స్ ప్రియురాలు జీన్ గ్రే చచ్చిపోయింది. మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులు పోగొట్టుకుని బతకాలి. కానీ 135వ సంచికలో ఆమె ఒక నక్షత్రాన్ని మింగి, ఐదు వందల కోట్ల ప్రాణులున్న లోకాన్ని బూడిద చేసింది. అంత చేసినదానికి ఆ శిక్ష చాలదని ఎడిటర్-ఇన్-చీఫ్ జిమ్ షూటర్ పట్టుబట్టాడు. అసలు అనుకున్న ముగింపు 1984లో విడిగా అచ్చయింది కూడా. అప్పటినుంచి షరతు ఒకటే: ఆ మారణకాండతో జీన్‌కు సంబంధం లేదని తేలితేనే ఆమె తిరిగి రావచ్చు. కర్ట్ బ్యూసిక్ ఇంకా వృత్తి రచయిత కాకముందు, విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక దారి కనిపెట్టాడు. 100వ సంచిక చివర జీన్ రేడియేషన్‌లో అంతరిక్ష నౌక నడుపుతోంది. 101లో నౌక జమైకా బేలో పడింది, నీళ్లలోంచి ఫీనిక్స్ లేచింది. ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. లేచింది జీన్ కాదు, ఆమె రూపం తీసుకున్న ఫీనిక్స్ శక్తి. అసలు జీన్ నీటి అడుగున గూడులో ఉండిపోయింది. ఆ ఆలోచన మార్వెల్ రచయిత రోజర్ స్టెర్న్‌కు, అక్కణ్ణుంచి మరో రచయిత జాన్ బర్న్‌కు చేరి, 1986 తొలి నెలల సంచికల్లో ‘అవెంజర్స్’, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మీదుగా ‘ఎక్స్-ఫ్యాక్టర్’ అనే కొత్త పత్రిక పుట్టడానికి దారి తీసింది.

గమనించు, అచ్చయిన ఒక్క పేజీనీ అది అబద్ధం చేయలేదు. రెండు సంచికల మధ్య నిజంగా ఉన్న సందులో దూరింది. పైవాళ్లు పెట్టిన షరతును కూడా పూర్తిచేసింది. నీ వ్యాసంలో మోయిరా ‘నిజానికి ఎప్పుడూ చావలేదు’ అన్న భాగం ఈ పరీక్షకు నిలబడదు. నీ ఊహ సరిపోవాలంటే నాలుగు సంచికల్లో మనం కళ్లారా చూసినవి కలలనుకోవాలి. ఒక్క పేజీని కొత్తగా చదవమని అడిగే థియరీకి పాఠకుడు సరేనంటాడు. నాలుగు సంచికలు మర్చిపొమ్మంటే పుస్తకం మూసేస్తాడు.

ఇక ఖర్చు మాట. ఇది అభిమానుల రాతల్లో దాదాపు ఎక్కడా కనపడదు, అందుకే నీ చేత రాయించాలని నా ఆశ. జీన్ తిరిగొచ్చినప్పుడు సైక్లాప్స్‌కు పెళ్లాం మాడెలిన్ ఉంది, చంటి పిల్లాడు ఉన్నాడు. ‘ఎక్స్-ఫ్యాక్టర్’ మొదటి సంచికలోనే వాళ్లను వదిలి వెళ్లిపోయాడు. ఆ మరక కడగడానికి 1989 నాటి ‘ఇన్‌ఫెర్నో’ కథలో మాడెలిన్‌ను జీన్‌కు క్లోన్‌గా, దయ్యాలతో చేతులు కలిపినదానిగా మార్చాల్సి వచ్చింది. సైక్లాప్స్ మంచివాడా కాదా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. ఒక పాత్రను బతికించిన చక్కటి ఊహ మరో ఇద్దరి కథలను చెడగొట్టింది. నీ థియరీ నిజమైతే ఎవరి కథ దెబ్బతింటుందో ఒక పేరా రాయి. ఆ పేరా రాయలేకపోతే నువ్వింకా థియరీని అన్ని వైపులా తిప్పి చూడలేదన్నమాట.

సంచికల సంఖ్యలు రాసేటప్పుడు సంవత్సరం తప్పనిసరి. ‘ఎక్స్-మెన్ మొదటి సంచిక’ అంటే 1963దా, 1991దా, 2010దా, 2013దా, 2019దా, 2021దా, 2024దా? అన్నీ ఉన్నాయి. నువ్వు రెండుచోట్ల సంవత్సరం వదిలేశావు, ఒకచోట ఏ సంచికో నాకే తెలియలేదు. అట్ట మీద నెల చూసి ‘ఇది ముందు వచ్చింది, అది తర్వాత’ అని వాదించకు. పాత సంచికల అట్టమీద ఉండేది అంగట్లోకి వచ్చిన నెల కాదు, దానికి రెండు మూడు నెలల తర్వాతి నెల. 1963 సెప్టెంబరు అని ఉన్న మొదటి సంచిక జూలైలోనే అమ్మకానికొచ్చింది.

సంచిక రావడానికి మూడు నెలల ముందే మార్వెల్ ఇచ్చే ప్రకటనల మీద నీ వ్యాసంలో సగం నిలబడి ఉంది. అవి పాఠకుడి కోసం రాసినవి కావు. అమెరికాలో కామిక్ షాపువాళ్లు తెప్పించిన ప్రతులు మిగిలితే సాధారణంగా వెనక్కి ఇవ్వలేరు. సంచిక రావడానికి కొన్ని వారాల ముందే ఎన్ని కావాలో తేల్చి చెప్పాలి. ఆ లెక్క పెంచడానికే అట్టమీద శవాన్ని గీస్తారు, ‘ఈ సంచికలో ఒకరు చస్తారు’ అంటారు. పైగా ఆ వాక్యాలు రాసేనాటికి లోపలి బొమ్మలు పూర్తయి ఉండకపోవచ్చు. ఎవరు రాస్తున్నారు, ఎవరు గీస్తున్నారు, ఎన్ని సంచికలు అన్నవి ప్రకటనలోంచి తీసుకో. కథ మాత్రం లోపలి పేజీల్లోంచే తీసుకో.

వయసుల లెక్క ఇంకో గొయ్యి. మార్వెల్ కాలం జారుతూ ఉంటుంది. 1963లో బడిపిల్లలైనవాళ్లు ఇప్పుడు తాతలు కారు. ఆ జారుడు ఎక్స్-మెన్ విలన్ మాగ్నెటో దగ్గర కుదరదు, ఎందుకంటే అతని గతం నాజీల ఆష్విట్జ్ శిబిరంలో ఉంది, అది కదలదు. అదృష్టం బాగుండి 1974లో ‘డిఫెండర్స్’ 16వ సంచికలో అతన్ని పసిబిడ్డను చేశారు, 1977లో మళ్లీ నిండు యవ్వనానికి తెచ్చారు. శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడన్న గతం వచ్చింది 1981లో, ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 150వ సంచికతో. జబ్బు కన్నా మందే ముందొచ్చిందన్నమాట! పుట్టిన సంవత్సరాలు కూడి ఎవరినీ అబద్ధాలకోరుల్ని చేయకు.

తప్పులు దొరికితే వెక్కిరించకు కూడా. 1960లలో స్టాన్ లీ, కథలోని పొరపాటుకు తెలివైన వివరణ పంపిన పాఠకులకు ‘నో-ప్రైజ్’ అని ఖాళీ కవరు పంపేవాడు. తప్పు పట్టడంకన్నా అతుకు వేయడం గొప్ప అన్న మర్యాద ఆ పత్రికలకు అప్పటినుంచే ఉంది.

‘నాకు నచ్చలేదు’ అన్నది అభిప్రాయం, రాయొచ్చు. ‘సైక్లాప్స్ ఇలా చేయడు’ అన్నది వాదన, దానికి అతను వేరేలా చేసిన పేజీ కనీసం ఒకటి చూపాలి. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిపేశావు. విడదీయి.

స్పాయిలర్ సంగతి. కొత్త సంచిక అమెరికాలో బుధవారం వస్తుంది. న్యూజెర్సీలో షాపు తలుపు తీసేసరికి హైదరాబాద్‌లో బుధవారం సాయంత్రం. అదే రోజు డిజిటల్‌లో కొనుక్కునేవాళ్లు కొందరు, మార్వెల్ అన్‌లిమిటెడ్ చందాలో మూడు నెలల తర్వాత చదివేవాళ్లు కొందరు. మన పాఠకుల్లో రెండోరకంవాళ్లను మర్చిపోకు. శీర్షికలోనూ మొదటి రెండు వాక్యాల్లోనూ చచ్చినవాడి పేరు, తిరిగొచ్చినవాడి పేరు పెట్టొద్దు.

ఇప్పుడు చేయాల్సింది: మూడో పేరా తీసేసి, నైట్‌క్రాలర్ కథ ఎవరు ఏ సంవత్సరంలో ఏం మార్చారో వరసగా రాయి. మోయిరా భాగం మొత్తం కొట్టెయ్. మిగిలిన థియరీకి ఒక్క వాక్యంలో సారాంశం, దానికి బలమైన మూడు పేజీలు, దానికి ఎదురునిలిచే ఒక పేజీ పెట్టు. ఆ ఎదురు పేజీని చివర్లో దాచకుండా మధ్యలోనే తీసుకురా. ఏ సంచికలో ఏం జరిగితే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావో కూడా ఒక వాక్యం రాసి, తొమ్మిది వందల మాటలు దాటకుండా నాకు మళ్లీ పంపు.

అన్నయ్య