ఆటల ఉత్తరాలు: ఊరు మారితే కప్పు ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, కిందటి సంచికలో అమెరికాలో ఒకప్పుడు నడిచిన చిన్న బాస్కెట్‌బాల్ లీగు సి.బి.ఎ. గురించి చెబుతూ, బిల్ మసల్‌మన్ అనే కోచ్ వరుసగా నాలుగేళ్లు కప్పు గెలిచాడని రాశారు. విజేతల పట్టిక చూస్తే ఆ నాలుగేళ్లలో మూడు ఊళ్ల పేర్లున్నాయి. ఎక్కడో పొరపాటు జరిగిందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పొరపాటు లేదండీ. పట్టిక తీసి సరిచూసినందుకు ముందుగా మీకు నమస్కారం. 1985, 1986లో టాంపా బే థ్రిల్లర్స్, 1987లో రాపిడ్ సిటీ థ్రిల్లర్స్, 1988లో ఆల్బనీ పట్రూన్స్. నాలుగింటికీ కోచ్ మసల్‌మనే. మొదటి మూడు కప్పులూ నిజానికి ఒకే జట్టువి. 1987 సీజను చివర్లో, నాకౌట్ మ్యాచ్‌లు మొదలవబోతుండగా, ఆ జట్టు ఫ్లోరిడాలో మూటాముల్లె సర్దుకుని ఎక్కడో ఉత్తరాన సౌత్ డకోటాలో ఉన్న రాపిడ్ సిటీకి మకాం మార్చేసింది. జట్టు పేరు తెలిసీ తెలియకముందే ఆ ఊరికి కప్పు వచ్చింది. సీజనంతా చప్పట్లు కొట్టిన టాంపా వాళ్లకు పట్టికలో ఆ ఏడాది చోటే లేదు. నాకు ఇప్పటికీ వాళ్ల మీదే జాలి.

మన దగ్గర 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అంతకుముందు కనిగిరి కుర్రాళ్లు గెలిచిన కప్పు ఏ జిల్లా ఖాతాలోదని ఎవరూ తగవు పడరు. ఎవరెవరు ఆడారని అడుగుతారు. చిన్న లీగు పట్టికను కూడా అలాగే చదవాలి. ఊరి పేరు దాటి వెళ్లి, ఆఖరి రోజు బెంచి మీద ఎవరు మిగిలారో చూడాలి.

మిగలడం అని ఎందుకంటున్నానంటే, సి.బి.ఎ.లో బాగా ఆడినవాడికి దక్కిన బహుమతి జట్టు వదిలి వెళ్లిపోవడమే. అక్కడి అతిపెద్ద లీగు ఎన్.బి.ఎ.; దాని జట్టులో ఎవరికో మోకాలు దెబ్బతినేది, ఇక్కడికి ఫోను వచ్చేది, పది రోజుల ఒప్పందం మీద మంచి ఆటగాడు పెట్టె సర్దుకునేవాడు. కోచ్ వాడి భుజం తట్టి పంపాలి, మర్నాటి మ్యాచ్‌కి ఇంకొకణ్ని నిలబెట్టాలి. అలాంటి చోట నాలుగేళ్లు వరుసగా గెలవడం ఎంత కష్టమో ఊహించండి. 1990–91లో జార్జ్ కార్ల్ ఆధ్వర్యంలో ఆల్బనీ 56 మ్యాచ్‌లలో 50 గెలిచింది, సొంత ఊళ్లో ఆడిన 28లో ఒక్కటీ ఓడలేదు. అయినా కప్పు పోయింది విచిటా ఫాల్స్ టెక్సన్స్‌కి. అదే ఆల్బనీకి 1984లో మొదటి కప్పు తెచ్చిన కోచ్ ఫిల్ జాక్సన్. తర్వాత ఎన్.బి.ఎ.లో కోచ్‌గా పదకొండు టైటిళ్లు గెలిచింది ఈయనే. ఆ పదకొండు అందరికీ తెలుసు. ఈ ఆల్బనీ కప్పు కూడా పన్నెండోదిగా లెక్కలోకి రావాలని నా వాదన.

ప్రశ్న: సి.బి.ఎ. ఎన్.బి.ఎ. కన్నా పాతదంటే మా కళాశాలలో ఎవరూ నమ్మలేదు. ఇంకో సందేహం: విజేతల పట్టికలో 2001 ఎందుకు ఖాళీగా ఉంది?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: నమ్మమని చెప్పమ్మా. ఎన్.బి.ఎ. తన పుట్టినరోజుగా చెప్పుకునేది 1946 జూన్ 6. ఈ లీగు అదే ఏడాది ఏప్రిల్ 23న పుట్టింది. అప్పటి పేరు ఈస్టర్న్ పెన్సిల్వేనియా బాస్కెట్‌బాల్ లీగ్. సి.బి.ఎ. అన్న పేరు 1978లో వచ్చింది. తొలి విజేత విల్క్స్-బారే బేరన్స్. విల్క్స్-బారే, స్క్రాంటన్, హేజిల్‌టన్, పాట్స్‌విల్ అన్నీ బొగ్గు గనుల ఊళ్లు. ఆటగాళ్లు వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకుని శని, ఆదివారాల్లో ఆడేవారు. అక్కడి నుంచి బయల్దేరిన లీగు 1980 నాటికి అలాస్కా దాకా పాకింది. ఆ ఏడాది కప్పు యాంకరేజ్ నార్తర్న్ నైట్స్‌ది.

2001 ఖాళీకి కారణం విచారకరం. ఒకప్పటి గొప్ప ఆటగాడు ఐజయా థామస్ 1999లో లీగు మొత్తాన్నీ కొన్నాడు. 2001 ఫిబ్రవరిలో సీజను నడుస్తుండగానే లీగు మూతపడింది. సగం ఆడిన సీజనుకు విజేత ఎక్కడి నుంచి వస్తాడు? కొన్ని జట్లు కూడి ఆ ఏడాది చివరికే లీగును మళ్లీ నిలబెట్టాయి. 2009లో ఆఖరి కప్పు లాటన్-ఫోర్ట్ సిల్ కావల్రీకి దక్కింది. ఆ సీజను కూడా మధ్యలోనే ఆపేసి, కుదించిన ఫైనల్ ఆడించారు.

ప్రశ్న: ఆ లీగులో ఒక్క మ్యాచ్‌కి ఏడు పాయింట్లట కదా! ఎలా లెక్కించేవారు?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, కోవూరు

జవాబు: మీరు అడిగినందుకు ప్రాణం లేచొచ్చింది. ఇవి బుట్టలో బంతి వేస్తే వచ్చేవి కావు, లీగు పట్టికలో వేసే పాయింట్లు. మ్యాచ్ గెలిస్తే మూడు, మ్యాచ్‌లోని ఒక్కో క్వార్టర్ (నాలుగో వంతు) గెలిస్తే ఒకటి. నాలుగూ గెలిచి మ్యాచ్ కూడా గెలిస్తే ఏడు. ఓడిన జట్టు కూడా క్వార్టర్లు గెలిస్తే ఆ పాయింట్లు పట్టుకుపోయేది.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక వేసవి శిబిరంలో ఈ పద్ధతి పెట్టి చూశాను. మట్టి కోర్టు, సున్నం గీతలు, వల లేని రింగులు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి ఒక జట్టు 26 పాయింట్ల వెనక ఉంది. మామూలుగా అయితే ఆ పిల్లలు గడియారం వైపు చూస్తూ కాళ్లీడ్చేవాళ్లు. ఆ రోజు నాలుగో క్వార్టర్‌కి పలక తుడిచి 0–0 అని రాయించాను. వాళ్లలో అందరికన్నా పొట్టివాడు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, వదులైన చెప్పుల్ని గీత బయట విప్పేసి ఉత్త కాళ్లతో దిగాడు. మే నెల ఎండకి నేల కాలుతోంది. వద్దంటే విన్లేదు. 9–8తో ఆ క్వార్టర్ వాళ్లు గెలిచారు. మ్యాచ్ 25 పాయింట్ల తేడాతో ఓడారు. స్కోరు పుస్తకంలో వాళ్ల పేరు పక్కన ‘1’ వేస్తుంటే ఆ పిల్లవాడు నా భుజం మీదుగా వంగి, అంకె సరిగ్గా పడిందా లేదా అని చూశాడు. ఆ పుస్తకం ఇంకా నా బీరువాలో ఉంది.

మీ బడిలో తప్పకుండా పెట్టండి. ఒక్క జాగ్రత్త: క్వార్టర్ క్వార్టర్‌కీ స్కోరు విడిగా రాసే మనిషి వేరే ఉండాలి. ఈల ఊదే మీరే రాస్తే తగాదాలు వస్తాయి.

ప్రశ్న: ఇలాంటి లీగుల్లో మన దేశం వాళ్లెవరైనా గెలిచారా?
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ ఉన్నాడు. ఎన్.బి.ఎ. జట్లు వేసవిలో ఎక్కువగా కొత్త కుర్రాళ్లతో ఆడే లాస్ వేగాస్ సమ్మర్ లీగ్‌ను 2021లో గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో అతనొకడు. అంతకుముందే పంజాబ్‌కే చెందిన సత్నామ్ సింగ్‌ను 2015లో, ఎన్.బి.ఎ. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, డాలస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. అతను ఎన్.బి.ఎ. కింది లీగులో టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు. మన జిల్లాల పిల్లలు ఈ ఇద్దరి పేర్లూ నోటికి నేర్చుకోవాలి.

ప్రశ్న: మా పాప వయసు పదేళ్లు. బంతి రింగు దాకా పోవడం లేదని రోజూ ఏడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: పాపది తప్పు కాదమ్మా, రింగుది. పెద్దవాళ్ల రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ వయసు పిల్లలకు 2.60 మీటర్లు ఉండాలి, బంతి కూడా అయిదో నంబరుది కావాలి. బడిలో కుదరకపోతే ఇంటి వెనక గోడకి 2.60 దగ్గర బొగ్గుతో గీత గీసి, అక్కడ ఇనుప రింగు బిగించండి. వల అక్కర్లేదు.