అడగండి, చెబుతా: మైక్ పట్టిన ముచ్చట్లు

ప్రశ్న: అక్కా, డిగ్రీ అయిపోయింది. న్యూస్ యాంకర్ కావాలని కోరిక. రోజూ అద్దం ముందు వార్తలు చదువుతున్నాను. ఇంకేం చేయాలి?
- సూర్యాపేట పాఠకురాలు

జవాబు: అద్దాన్ని కొన్నాళ్లు వదిలెయ్ తల్లీ. ఫోన్ తీసుకుని మీ బస్టాండ్‌కి వెళ్లు. బస్సు ఎందుకు రాలేదో ముగ్గుర్ని అడుగు. విన్నదంతా ముప్పై సెకన్లలో చెప్పి రికార్డు చేయి. ఇంటికొచ్చి వినేటప్పుడు 'చూసుకున్నట్లయితే', 'అని చెప్పుకోవచ్చు', 'పరిస్థితి నెలకొంది' లాంటి ఊతపదాలు ఎన్నిసార్లన్నావో లెక్కపెట్టు. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు తొమ్మిది వచ్చాయి. సిగ్గేసింది. 1996లో హైదరాబాద్‌లో రిపోర్టర్‌గా చేరాను. ఏడాది దాకా నా ముఖం తెరమీద కనబడలేదు, మైక్ పట్టుకున్న చెయ్యి మాత్రం కనబడేది. మా అమ్మ ఆ చేతి గాజుల్ని చూసి చుట్టుపక్కలవాళ్లకి 'అది మా అమ్మాయే' అని చెప్పుకునేది.

ప్రశ్న: మీరు మర్చిపోలేని కవరేజీ ఏది?
- నల్లకుంట పాఠకుడు

జవాబు: 2000 ఆగస్టు 24 వాన. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు నమోదైంది. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ వీధులు మునిగాయి. మా జీపు నీళ్లలో ఆగిపోతే నేనూ కెమెరామన్ దిగి నడిచాం. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. మైక్ మీది స్పాంజి తడిసి ముద్దయింది. కెమెరాకి మాత్రం ఆయన తన రెయిన్‌కోటు తొడిగాడు. తాను తడిసినా పరవాలేదట.

ఒక ఇంటి మెట్ల మీద పెద్దావిడ నిలబడి ఉంది. బైట్ కోసం, అంటే కెమెరా ముందు రెండు మాటలు చెప్పించడానికి, మైక్ ముందుకు పెట్టాను. 'ఎంతమేర నష్టం జరిగిందమ్మా?' అని అడిగాను, అంత తెలివైన ప్రశ్న! ఆవిడ నన్నో చూపు చూసి, 'అది తర్వాత గానీ, ముందు ఈ స్టవ్ అందుకో' అంది. కెమెరామన్ ఏడెనిమిది కిలోల కెమెరాని నా భుజాన పెట్టి, ఆ స్టవ్ మోసుకెళ్లి పై అంతస్తులో దించి వచ్చాడు. ఆ రెండు నిమిషాలూ షూట్ కాలేదు. కెమెరా నా భుజం మీదే ఉంది, కానీ ఏ బటన్ నొక్కాలో నాకు తెలియదు!

అప్పట్లో మాకు అక్కణ్నుంచి లైవ్ ఇచ్చే సౌకర్యం లేదు. టేపుని చీరల షాపు కవర్లో చుట్టి, పైన ఇంకో కవర్ వేసి, స్కూటర్ మీద ఆఫీసుకి పంపాం. సాయంత్రం స్క్రిప్టులో స్టవ్ సంగతి రాశాను. ఎడిటర్ 'స్టవ్ విజువల్ ఏదీ?' అన్నాడు. లేదన్నాను. ఆ లైన్ కొట్టేశాడు. టీవీలో అంతే మరి, బొమ్మ లేకపోతే మాట కూడా ఉండదు.

ప్రశ్న: యాంకర్లు కాగితం చూడకుండా అంత గడగడా ఎలా చెబుతారు? బట్టీ పడతారా?
- ఉప్పల్ పాఠకుడు

జవాబు: ఎదురుగానే అక్షరాలుంటాయి. కెమెరా లెన్స్ ముందు ఏటవాలుగా గాజు పలక ఉంటుంది. కింద ఉన్న తెర మీది అక్షరాలు దాంట్లో ప్రతిబింబిస్తాయి. చదివేవాళ్లకి కనబడతాయి, లెన్స్‌కి కనబడవు. దాన్నే టెలిప్రాంప్టర్ అంటారు. అది లేని రోజుల్లోనే, 1983 నవంబర్ 14న శాంతి స్వరూప్ గారు హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివారు. కాగితం చూసుకోవడం, తల ఎత్తి చెప్పడం. ప్రాంప్టర్ ఆగిపోయిన రోజు మాలాంటివాళ్లకి ఎంత టెన్షనో అడక్కండి. అందుకే యాంకర్ చేతిలో ఇప్పటికీ కాగితాలుంటాయి. అవి అలంకారం కాదు.

ప్రశ్న: తప్పు చెప్పిన సందర్భం ఉందా? దాచకుండా చెప్పండి.
- వరంగల్ పాఠకురాలు

జవాబు: ఉంది. ఓ బస్సు ప్రమాదం రోజు రాత్రి ఆసుపత్రి గోడకి రెండు జాబితాలు అంటించారు. ఒకటి చనిపోయినవాళ్లది, ఒకటి గాయపడినవాళ్లది. ఫోన్‌లో లైవ్ నడుస్తోంది. అవతలి నుంచి 'పేర్లు, పేర్లు' అని తొందర. వేలు పెట్టి చదువుతూ చదువుతూ పక్క కాగితంలోకి జారిపోయాను. గాయపడిన ఒకతని పేరు మృతుల్లో కలిపేశాను. పావుగంటలో సవరించాం. ఈలోగా అతని తమ్ముడు ఆఫీసుకి ఫోన్ చేశాడట. మర్నాడు వెళ్లి కలిశాను. తిట్టలేదు. 'ఆ పావుగంట మా అమ్మని నలుగురం పట్టుకున్నాం మేడమ్' అన్నాడు. ఆ తర్వాత పేర్లు చదవాల్సొస్తే జాబితా కాగితాన్ని ఫోటో తీయించి, పైన ఉన్న శీర్షిక ముందు చదివాకే పేర్లలోకి వెళ్లేదాన్ని. డెస్క్‌లో కుర్రాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను.

ప్రశ్న: రిటైరయ్యాక టీవీ వార్తలు చూస్తున్నారా?
- మలక్‌పేట పాఠకుడు

జవాబు: చూస్తున్నాను. కానీ కళ్లన్నీ తెర కింద పరుగెత్తే అక్షరాల మీదే, అదే స్క్రోల్ మీదే. తప్పు కనబడితే పైకే దిద్దేస్తాను. మా ఆయన అప్పటికే రిమోట్ లాక్కుని ఉంటారు.