సర్వర్ కొనడానికి ఎఫ్‌డీ తీసెయ్యాలా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాది ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ షాపు. ఆరు కంప్యూటర్లలో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ నడుస్తుంది. డేటా అంతా ఏడేళ్ల నాటి ఒక కంప్యూటర్‌లో ఉంది, అది ఈమధ్య తరచూ ఆగిపోతోంది. కొత్త సర్వర్‌కు 3,10,000 రూపాయల కొటేషన్ వచ్చింది. క్లౌడ్‌కి (నెట్ ద్వారా వాడుకునే బయటి సర్వర్‌కి) మారితే మనిషికి నెలకు 700 అంటున్నారు. 7 శాతం వడ్డీ వచ్చే 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసెయ్యాలా, 14 శాతానికి ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. అసలు ఆ 3,10,000 కొటేషనే మీకు అక్కర్లేదు. మీరు పంపిన కొటేషన్‌లో ఉన్నది పాతికమంది పనిచేసే ఆఫీసుకు సరిపడే ర్యాక్ సర్వర్. పైగా దానికి విండోస్ సర్వర్ లైసెన్సు, ఒక్కో మనిషికీ విడి లైసెన్సు. విండోస్ 11 ప్రో ఉన్న కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ఒకేసారి 20 కంప్యూటర్ల దాకా వాడుకోవచ్చు. మీవి ఆరే. 16 జీబీ ర్యామ్, ఒకదానికొకటి నకలుగా ఉండే రెండు ఎస్‌ఎస్‌డీలతో మంచి టవర్ మెషీన్‌కు లక్ష, యూపీఎస్‌కూ బ్యాకప్ డిస్కులకూ 30 వేలు పెట్టుకోండి. పాతదాన్ని మాత్రం ఇంకా లాగకండి. ఏడేళ్ల నాటిది కాబట్టి అందులో విండోస్ 10 ఉండొచ్చు, దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది.

క్లౌడ్ లెక్క: ఆరుగురికి ఏడాదికి 50,400, అయిదేళ్లకు 2,52,000. నెట్ పోతే బిల్లింగూ పోతుంది. రెండో బ్రాంచి పెట్టే ఆలోచన ఉంటేనే అటు చూడండి.

ఇక డబ్బు సంగతి. ఎఫ్‌డీని కదపకుండా దానిమీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ పూచీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు) అడగండి. సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే 1–2 శాతం ఎక్కువ. 8.5 శాతమనుకుంటే, 1,30,000 తీసుకుని నెలకు 11,300 చొప్పున ఏడాదిలో తీర్చేస్తే వడ్డీ సుమారు 6,000. అదే 14 శాతానికైతే 10,000 దాటుతుంది. ఎఫ్‌డీ తీసేస్తే ముందుగా తీసినందుకు కోత ఉంటుంది, సీజన్‌లో సరుకు కొనడానికి అక్కరకొచ్చే సొమ్మూ పోతుంది.

బిల్లు జీఎస్టీ నంబరుతో తీసుకోండి. మామూలు స్కీములో ఉంటే 18 శాతం పన్ను క్రెడిట్‌గా తిరిగొస్తుంది, అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉంటే రాదు. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్ మీద తరుగుదల 40 శాతం. అక్టోబర్ 3లోగా వాడకంలోకి తెస్తే ఆ ఏడాది పూర్తిగా, 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే. క్రెడిట్ తీసుకున్న పన్ను మీద మళ్లీ తరుగుదల వేయకూడదు. అంచనా లాభం పద్ధతిలో రిటర్ను వేస్తుంటే తరుగుదల విడిగా రాదు, దాని కోసం తొందరపడి కొననక్కర్లేదు. నగదు మాత్రం ఇవ్వకండి: ఒకరికి ఒకే రోజు 10,000 దాటితే ఆ మొత్తం ఆస్తి ఖరీదులోకి రాదు.

షాపును కాపాడేది ఆ 30 వేలే. రెండు డిస్కుల నకలును చాలామంది బ్యాకప్ అనుకుంటారు. పొరపాటున టాలీలో ఒక కంపెనీ డేటా చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. 1 టీబీ బయటి డిస్కులు రెండు కొని వారం మార్చి వారం వాడండి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. రాత్రి అందరూ టాలీ మూసేశాకే కాపీ తీయాలి, తెరిచి ఉండగా తీస్తే ఫైళ్లు అరకొరగా వస్తాయి. కాపీ అయ్యాక డిస్కు పీకెయ్యండి. తగిలించి వదిలేస్తే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చిన రోజు దాన్నీ తాళం వేసేస్తుంది. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నెలాఖరు క్లోజింగ్ బ్యాలెన్సు సరిపోయిందో చూసుకోండి. ఈ ఒక్క పనే ఎవరూ చేయరు.

1 కేవీఏ యూపీఎస్‌కు సర్వర్‌తోపాటు ఫైబర్ బాక్సు, రౌటర్ కూడా తగిలించండి. లేజర్ ప్రింటర్ తగిలించకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది. రెండు మూడేళ్లకోసారి బ్యాటరీలు మార్చాల్సిందే. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు కావాలి కాబట్టి నెట్ లేకపోతే లారీ గుమ్మంలోనే ఉంటుంది. వేరే కంపెనీ సిమ్ ఉన్న డాంగిల్ ఒకటి డ్రాయరులో ఉంచండి.

ఆర్డర్లు వచ్చే వాట్సాప్ నంబరు గుమాస్తా పేరు మీద ఉంటే షాపు పేరు మీదికి మార్చి, రెండంచెల పిన్ పెట్టండి. ఈమెయిల్ డొమైన్ ఎవరి పేరుతో ఉందో, గడువు ఎప్పుడో ఇవాళే చూడండి. టెక్నీషియన్ పేరుతో ఉంటే, అతని పాత బాకీ తీర్చేముందే బదిలీ చేయించుకోండి. ఇంటినుంచి చూసుకోవడానికని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిచి ఉంటే మూయించండి, దొంగలు ముందు తట్టే తలుపుల్లో అదొకటి. దాని బదులు వీపీఎన్ (బయటినుంచి షాపు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించుకోండి.

ఓవర్‌డ్రాఫ్ట్ తీరిన నెలనుంచే 2,000తో ఆర్‌డీ మొదలుపెట్టండి. అయిదేళ్లకు అసలే 1,20,000 అవుతుంది, అప్పటికి ఈ మెషీన్ కూడా మార్పుకు వస్తుంది.