చర్చి పెళ్లికి పాతకాలం ఫ్రూట్ కేకు, అందులో మన ఇంటి గుర్తు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న చూసాక రాయకుండా ఉండలేకపోయానండి. విజయనగరంలో తమ్ముడి పెళ్లి, చర్చిలో, అమ్మగారేమో పాత పద్ధతి కేకే కావాలంటున్నారు, బేకరీ వాళ్ళు క్రీమ్ కేక్ మీద జంట ఫోటో ప్రింట్ వేసిస్తాం అదే పర్సనల్ టచ్ అంటున్నారు, ఎటు వెళ్ళాలి అని కదా మీరడిగింది. అమ్మగారు చెప్పిందే చెయ్యండి. సొంత గుర్తు ఏది పెట్టాలనుకున్నా కేకు లోపల పెట్టండి. ఫోటో కత్తి పడగానే పోతుంది, రుచి మాత్రం వచ్చినోళ్ళందరికీ అందుతుంది.

శ్రీకాకుళంలో మా చెల్లి పెళ్లికి మేం ఇలగే చేసాం. పాతకాలం పెళ్లి కేకంటే ఏటంటే, ఎండు పళ్ళు నానబెట్టి చేసే నల్లటి ఫ్రూట్ కేకు, దానిమీద బాదం, పంచదార కలిపి నూరిన మార్జిపాన్ పొర, ఆ పైన గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్‌తో చేసే తెల్లటి రాయల్ ఐసింగ్. ఈ మూడూ అలగే ఉంచి, పడే సరుకు మాత్రం మన జిల్లాలది వేసాం. మార్జిపాన్‌కి బాదం బదులు పలాస జీడిపప్పు తీసుకున్నాం, గోవాలో కూడా జీడిపప్పుతోనే చేస్తారు కాబట్టి ఇదేం వింత కాదు. గుండ్రాళ్ళలాంటి పెద్ద పప్పు కొనక్కర్లేదండి, ఎలాగూ నూరేదే కదా, బద్దలో ముక్కలో తెచ్చుకుంటే రేటు బాగా తగ్గుతుంది.

పళ్ళ దగ్గరికొస్తే, మామూలు బేకరీ ప్లమ్ కేకుల్లో టూటీ ఫ్రూటీ ఎక్కువ పోస్తారు, అది రంగేసిన పచ్చి బొప్పాయే. మేం దాన్ని పూర్తిగా మానేసి కిస్‌మిస్, ఖర్జూరం, నారింజ తొక్క, వాటితో పాటు భీమాళి ఊరి మామిడి తాండ్ర వేసాం. తాండ్రని మిగతా వాటితో నానబెట్టకండి, కరిగిపోద్ది, చిన్న ముక్కలు కోసి కొంచెం మైదాలో దొర్లించి పిండి కలిపే చివర్లో వెయ్యాలి. ఆ పులుపూ తీపీ నల్ల కేకులో తగులుతుంటే పెళ్లికొచ్చిన ముసలాళ్ళు ఇది ఏ తాండ్ర అని అడిగారు, మా అమ్మ పుట్టిల్లు అటువైపే, ఆవిడ మొహం చూడాలి ఆరోజు.

మాది బాప్టిస్టు సంఘం, రమ్ము మాటెత్తితే అయ్యగారి దగ్గర్నుంచి మా పెదనాన్న దాకా ఎవరూ ఒప్పుకోరు, మీ ఇంట్లోనూ అంతే అయితే ద్రాక్ష రసం, నారింజ రసం గోరువెచ్చగా చేసి పళ్ళ మీద పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. రమ్ముతో అయితే నెల ముందు నానబెట్టినా పర్లేదు, రసంతో మాత్రం రెండు మూడు రోజులకి మించి ఉంచకూడదు, పులిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పళ్ళు కలపడమే. పెళ్లిళ్ళలో పసుపు దంచడానికి అందరూ చెయ్యేస్తారే, అలగ రెండువైపుల పెద్దవాళ్ళని పిలిచి తలో గుప్పెడు వేయించాం, పెళ్లికొడుకు వాళ్ళ నాయనమ్మ చిన్న ప్రార్థన చేసి మరీ వేసింది. పళ్ళు మేం తెస్తాం మీరు కాల్చండి అంటే బేకరీ వాళ్ళు ఒప్పుకుంటారా లేదా అనేది అడ్వాన్స్ ఇచ్చేముందే తేల్చుకోండి, కొందరు ఒప్పుకోరు.

పైన అలంకారానికి శాటిన్ రిబ్బన్ బదులు పొందూరు ఖద్దరు పట్టీ చుట్టాం, తెల్ల ఐసింగ్ మీద ఆ నేత చాలా హుందాగా ఉంటుంది. అడుగున బటర్ పేపర్ పెట్టకపోతే నూనె మరక పడిపోతుంది, అదొక్కటి చూసుకోండి.

క్రీమ్ మాత్రం వద్దండి. మా బంధువుల పెళ్లి ఒకటి మే నెలలో, బేకరీ వాళ్ళు ఏం కాదు ఏం కాదు అని విప్పింగ్ క్రీమ్ కేకు తెచ్చారు, కోసే టైముకి పక్కకి ఒరిగిపోయింది, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనవైపు ఎండతో పాటు గాలిలో తేమ కూడా ఎక్కువ కదా. రాయల్ ఐసింగ్ ఎండకి తట్టుకుంటుంది కానీ ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది, అందుకని ఫ్రిజ్ జోలికి పోకుండా చల్లటి గదిలో ఉంచి అంతస్తులు మండపంలోనే పేర్చమనండి. ఐసింగ్‌లో పచ్చి తెల్లసొన భయమైతే దాని బదులు మెరింగ్ పౌడర్, అంటే ఎండబెట్టిన తెల్లసొనతో చేసిన పొడి, దొరుకుతుంది.

లెక్క ఇలా వేసుకోండి, ఫ్రూట్ కేకు బరువుగా ఉంటుంది కాబట్టి మనిషికి 40 గ్రాముల ముక్క చాలు, అంటే కిలోకి 25 మంది, 400 మందికి 16 కిలోలు. అదంతా అంతస్తులుగా కట్టించకండి, స్టేజి మీద రెండంతస్తులది చాలు, మిగతాది అదే పళ్ళతో పలక కేకులు చేయించి వెనక వంటగదిలో కోయించండి. అడుగున థర్మోకోల్ డమ్మీ పెట్టి పెద్దగా చూపిస్తాం అంటారు, నాకది అస్సలు నచ్చదు, ప్రార్థన చేసి కోసే కేకు మొత్తం నిజం కేకే అయ్యుండాలి.

పై అంతస్తు దాచి మొదటి బిడ్డ బాప్తిస్మానికి తినడం ఇంగ్లీషు వాళ్ళ ఆచారం. బాప్టిస్టుల్లో పసిబిడ్డలకి బాప్తిస్మం ఉండదు కదా, మా చెల్లి వాళ్ళు మొదటి పెళ్లిరోజుకి దాచుకున్నారు. రమ్ము లేని కేకు బయట ఉంటే బూజు పడుతుంది, ఐసింగ్ తీసేసి బటర్ పేపర్, దానిమీద ఫాయిల్ గట్టిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లోనే పెట్టండి, తినే ముందురోజు రాత్రి విప్పకుండా కింద ఫ్రిజ్‌లోకి మార్చుకుంటే సరిపోతుంది.