చేపనూనె స్పూను చూస్తేనే కడుపులో తిప్పుతోందా?

కొత్తగా చేపనూనె మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే సందేహాల్లో ఇదొకటి. "డాక్టరు ఒమేగా 3 (చేపనూనెలో ఉండే కొవ్వు) వాడమన్నారు. మాత్ర బొటనవేలంత ఉంది, మింగుడుపడట్లేదు. అందుకని సీసా నూనె తెచ్చుకున్నాను. ఆ నీచు వాసనకే వాంతి వచ్చేలా ఉంది. ఎలా తాగుతారండీ దీన్ని?"

తాగే సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ నూనె మంచిగా ఉందో లేదో చూసుకోండి. మొదలుపెట్టిన కొత్తలో నేను సీసాని పొయ్యి పక్కన, కిటికీ గట్టు మీద పెట్టాను, కళ్లెదురుగా ఉంటే మరిచిపోనని. కొన్ని వారాలకి పాత పెయింటు డబ్బా వాసన మొదలైంది. చేపనూనె అంటే ఇంతేనేమో అనుకుని కళ్లు మూసుకుని తాగేశాను. రెండో సీసా తెరిచిన రోజు గానీ తెలియలేదు, మొదటిది ఎప్పుడో పాడైపోయిందని. వెలుతురు, వేడి, గాలి, ఈ మూడూ చేపనూనెకి పడవు. తాజా నూనెకి నీచు ఉంటుంది కానీ కొద్దిగానే. 1850ల్లో పీటర్ మోల్లర్ అనే నార్వే మందుల తయారీదారుడు కుళ్లబెట్టిన కాడ్ చేపల కాలేయాలు వదిలేసి, తాజావాటిని ఆవిరి మీద పెట్టి నూనె తీశాడు. వాసన చాలావరకు పోయింది. అంటే కంపులో ఎక్కువ భాగం చేపది కాదు, పాతబడటానిది. నిమ్మ ఫ్లేవర్ ఉన్నవి తాగడానికి హాయిగా ఉంటాయి కానీ, పాడైన సంగతిని కూడా అవే దాచిపెడతాయి. కాబట్టి మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకోండి. తెరిచాక ఎన్నాళ్లలో వాడెయ్యాలో లేబుల్ మీద ఉంటుంది, అది దాటితే పారబోయండి.

తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. చల్లటి నూనెకి వాసన తక్కువ లేస్తుంది, స్పూనుని కూడా ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. నూనె మబ్బుగా కనిపిస్తే కంగారు పడకండి, చలికి అలా అవుతుంది.

ఇక అసలు కిటుకు ముక్కులో ఉంది. జలుబు చేసినప్పుడు ఏం తిన్నా రుచి తెలియదు కదా, ఇక్కడా అదే. ఒక గుక్క నారింజ రసం తాగండి, ముక్కు మూసుకుని నూనె మింగండి, మళ్లీ రెండు గుక్కల రసం తాగాకే ముక్కు వదలండి. మంచినీళ్లు పనికిరావు, నూనె నాలుకని అంటుకునే ఉంటుంది. చిక్కటి పెరుగులో కలుపుకున్నా బాగుంటుంది. వేడి సూపులోనో పాలలోనో మాత్రం వద్దు, గది అంతా వాసనే.

పరగడుపున అస్సలు తాగకండి. ఖాళీ కడుపులో నూనె పైకి తేలుతుంది, మధ్యాహ్నం దాకా చేప త్రేన్పులే. మీటింగులో ఆ అవస్థ నేను పడ్డాను. భోజనం మధ్యలో తీసుకుంటే త్రేన్పులు తగ్గుతాయి, నూనె ఒంటికి కూడా బాగా పడుతుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మోతాదుని రెండు పూటలకి పంచుకోండి.

పిల్లల విషయంలో మాత్రం ముక్కు మూసే పని చెయ్యకండి. ఏడుస్తున్న పిల్లాడిని పట్టుకుని గొంతులో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. వాడు తాగనంటే ఆ రోజుకి వదిలెయ్యండి.

ఇంకో మాట. కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ చేప కాలేయం నుంచి తీసేది), మామూలు చేపనూనె ఒకటి కాదు. మొదటిదానిలో విటమిన్ ఎ, డి ఉంటాయి. విటమిన్ ఎ పెద్దవాళ్లకి రోజుకి 3000 మైక్రోగ్రాములు మించకూడదు, అందుకే రుచి అలవాటైంది కదా అని రెండో స్పూను వెయ్యకండి. గర్భిణులూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ డాక్టరుని అడగందే ఏ నూనే మొదలుపెట్టొద్దు. చేప ముట్టనివాళ్లకి నాచు నూనె దొరుకుతుంది. చేపలకి ఒమేగా 3 వచ్చేది కూడా అసలు ఆ నాచు నుంచే.

వాడాక సీసా మూతిని టిష్యూతో తుడవండి. అంచున మిగిలిన ఒక్క చుక్క పాతబడితే, మర్నాడు మూత తియ్యగానే ముక్కుకి తగిలే కంపు దానిదే.