పోటీ వాదన, మామూలు వాదన

అమ్మలూ,

డిబేట్ జట్టులో చోటు దొరికిందని రాశావు, సంతోషం. ఆ కిందే, స్నేహితురాలితో మాటామాటా పెరిగి మూడు రోజులుగా మాటల్లేవనీ రాశావు. నాకు రెండూ ఒకటే కబురులా తోచాయి.

పోటీలో నీ పక్షం నువ్వు ఎంచుకునేది కాదు, వాళ్లు ఏది ఇస్తే అది. బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో నాలుగు జట్లు, జట్టుకి ఇద్దరు, మనిషికి మామూలుగా 7 నిమిషాలు. అంశం చెప్పాక ఆలోచించుకోడానికి ఇచ్చేది 15 నిమిషాలే. అవతలివాళ్లు మధ్యలో ప్రశ్న వేయాలన్నా నువ్వు సరేననాలి, మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ అదీ కుదరదు. ఇంత చేసి నువ్వు ఒప్పించాల్సింది ఎదుటి జట్టుని కాదు, న్యాయనిర్ణేతని. వాళ్లు జవాబివ్వకుండా వదిలేసిన పాయింటుంటే మొహమాటపడకుండా ఎత్తి చూపు. అక్కడ అది నేర్పే.

మామూలు మాటల్లో న్యాయనిర్ణేత ఎవరే? ఎదుటి మనిషే కదా! గడియారం ఉండదు, విషయం ఎక్కడో మొదలై ఎక్కడికో పోతుంది. పోటీలో ఆరో నిమిషాన "మీరన్నదే నిజం" అంటే జట్టు మునుగుతుంది. స్నేహితురాలితో అంటే ఏం పోయింది?

మన పాత న్యాయశాస్త్రం వాళ్లు, అంటే కోర్టు న్యాయం కాదు, తర్కశాస్త్రం వాళ్లు, ఇవన్నీ ఎప్పుడో విడదీసి పెట్టారు. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తనదంటూ ఏమీ చెప్పకుండా ఎదుటిది కొట్టెయ్యడమే పనైతే వితండం. నీ పోటీలు జల్పం జాతివి. తప్పేం లేదు, నాకూ సరదాయే.

చిక్కల్లా ఆ అలవాటు ఇంటికి రావడం. కాలేజీలో కప్పులు గెలిచిన రోజుల్లో ఒకసారి మీ నాన్నతో ఏదో మాటొచ్చి, "ఇందాకటి రెండో పాయింటుకి నువ్వు జవాబే చెప్పలేదు" అని వేళ్లు మడిచి లెక్కపెట్టాను. వాడు లేచి వెళ్లిపోయాడు. గెలిచాననే అనుకున్నాను, వెధవాయిని.

ఒక్క అలవాటు మాత్రం రెండుచోట్లా పనికొస్తుంది. జవాబు చెప్పేముందు అవతలివాళ్ల మాట నీ నోటితో చెప్పి, "నువ్వనేది ఇదేనా?" అని అడుగు. పోటీలో అయితే అడగడానికి వీలుండదు, వాళ్లు తలూపేంత సరిగ్గా చెప్పు చాలు. దీన్నే పూర్వపక్షం అంటారు. దాన్ని బలహీనం చేసి చెబితే మంచి న్యాయనిర్ణేత ఇట్టే పట్టేస్తాడు, స్నేహితురాలు ఇంకా ముందే పట్టేస్తుంది.

ఈ సాయంత్రమే ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. "మూడు కారణాలున్నాయి" అని మాత్రం మొదలుపెట్టకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న